తార: ఆడపిల్ల పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాపకు తార అని పెట్టాలనుకుంటున్న వాళ్లు, ఇప్పటికే ఆ పేరున్న వాళ్లు, ఆఫీసులో ఐర్లండు నుంచి వచ్చిన "టారా"ను చూసి "మన పేరు వీళ్లకెలా వచ్చింది?" అనుకున్న వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. పలకడానికి రెండక్షరాలే గానీ ఈ పేరుకు పుట్టిళ్లు చాలా ఉన్నాయి. "తార అంటే నక్షత్రం" అని ఒక్క ముక్కతో సరిపెట్టే పేర్ల పుస్తకాలు సగం సంగతే చెబుతాయి. నిజానికి నాకు ఎక్కువ ఇష్టమైన అర్థం ఆ మిగతా సగంలోనే ఉంది.

తార అంటే నక్షత్రమే కదా?

అవును, నక్షత్రమే. ఋగ్వేదంలో చుక్కలకు "స్తృ" అనే మాట ఉంది. ముందున్న సకారం లేకుండా "తారః" అనే బహువచన రూపం కూడా అందులోనే కనిపిస్తుంది. గ్రీకు ఆస్తెర్, లాటిన్ స్తెల్లా, ఇంగ్లీషు స్టార్, పారశీకం సితారా అన్నీ ఆ పాత కుదురు నుంచి వచ్చినవే. అంటే తార, స్టెల్లా, సితార ఒక తల్లి పిల్లలు. (సితార్ వాయిద్యానికి ఈ చుట్టరికం లేదు. అది "మూడు తీగలది" అనే అర్థమున్న పారశీక మాట.)

సంస్కృతంలో ఇంకో తార కూడా ఉంది. "తౄ" ధాతువుకు దాటడం అని అర్థం. మనం రోజూ అనే "తరించడం" దాని నుంచే వచ్చింది. తానే దాటితే తరించడం, ఇంకొకరిని దాటిస్తే తారణం. "తారయతి ఇతి తారా", అంటే దాటించేది తార. ఈ కుటుంబం ఎంత పెద్దదో చూడండి: పైనుంచి కిందికి దాటి రావడం అవతారం. ఏటిలో కాలినడకన దాటగలిగే రేవు తీర్థం, పుణ్యక్షేత్రం అనే అర్థం తరవాత వచ్చింది. పరీక్ష దాటితే ఉత్తీర్ణత. పదో తరగతి మార్కుల కాగితం మీద "ఉత్తీర్ణురాలు" అని ఉన్న ప్రతి అమ్మాయి దగ్గరా తారకు చుట్టమైన మాట ఒకటి ఉన్నట్టే.

మూడో అర్థం కంటిపాప. సంస్కృతంలో తార, తారక రెండూ కంటి నడుమ నల్లగుడ్డుకు కూడా చెల్లుతాయి. నయనతార అనే పేరు అక్కడిదే. బెంగాలీలో మన బిళ్ళగన్నేరు పువ్వును కూడా నయనతార అంటారు.

ఇక సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయిల్లోని తారకు "ఎత్తైన ధ్వని" అని అర్థం. చాలామంది "తారాస్థాయి" అని దీర్ఘం పెట్టి రాస్తారు, నక్షత్రాలంత ఎత్తు అన్న ఊహతో కాబోలు. శాస్త్రం ప్రకారం అది తారస్థాయి.

నక్షత్రమా, దాటించేదా? మా పాప పేరుకు ఏ అర్థం చెప్పుకోవాలి?

మీ మనసులో ఎవరున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆకాశాన్ని తలుచుకుని పెడితే నక్షత్రం. దేవతను తలుచుకుని పెడితే దాటించే తల్లి. సంస్కృత కవులు ఈ రెంటినీ విడదీయకుండా ఒకే పద్యంలో వాడుకున్నారు. నడిసముద్రంలో రాత్రిపూట పడవ నడిపేవాడికి ఒడ్డు చేరే దారి చూపేది చుక్కే కాబట్టి ఆ కలయిక సహజంగానే ఉంటుంది. బారసాలలో పంతులుగారు అర్థం అడిగితే రెండూ చెప్పండి, రెండూ నిజమే.

పురాణాల్లో తార ఎవరు?

ఇద్దరు ప్రసిద్ధులు. ఒకరు వాలి భార్య, అంగదుడి తల్లి. ఇంకొకరు దేవగురువు బృహస్పతి భార్య.

వాలి భార్య తార గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనవాళ్లు ఆమెను "అహల్యా ద్రౌపదీ సీతా తారా మండోదరీ" శ్లోకంలో ఒక పేరుగా తలుచుకుని దాటిపోతారు. వాల్మీకి కిష్కింధాకాండలో ఆమె రాజనీతి తెలిసిన మనిషి. సుగ్రీవుడు ఒకసారి దెబ్బలు తిని పారిపోయి, వెంటనే మళ్లీ వచ్చి గర్జిస్తాడు. వాలి యుద్ధానికి లేస్తాడు. తార అడ్డుపడుతుంది. ఇప్పుడే ఓడిపోయినవాడు ఇంత త్వరగా, ఇంత ధైర్యంగా వచ్చాడంటే వెనక ఎవరి అండో ఉండాలి అంటుంది. అంగదుడికి వేగులవాళ్లు చెప్పిన కబురు కూడా బయటపెడుతుంది: అయోధ్య రాజకుమారులు రామలక్ష్మణులు సుగ్రీవుడితో స్నేహం కట్టారు. తమ్ముణ్ని పిలిచి యువరాజును చెయ్యి, వైరం మానుకో అని చెబుతుంది. వాలి వినడు. ఆ తరవాత జరిగింది అందరికీ తెలుసు.

బాణం దెబ్బకు పడిపోయిన వాలి చివరి మాటల్లో సుగ్రీవుడికి చెప్పిన సంగతి ఒకటుంది. ఈ సుషేణుడి కూతురు సూక్ష్మమైన విషయాలను నిర్ణయించడంలో నేర్పరి, ఆమె మంచిదన్న పనిని సందేహించకుండా చెయ్యి అంటాడు. తాను వినని మాట విలువ తమ్ముడికి అప్పజెప్పి పోయాడన్నమాట. సుగ్రీవుడు దాన్ని మరిచిపోలేదు. లక్ష్మణుడు మండిపడుతూ కిష్కింధ గుమ్మంలోకి వచ్చినప్పుడు ఎదురుగా పంపింది తారనే. ఆమె మాటలతోనే ఆ కోపం చల్లారింది. కూతురికి ఈ పేరు పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం వెతకక్కర్లేదని నా అభిప్రాయం.

బృహస్పతి భార్య కథ ఉంది కదా, అందుకని ఆ పేరు వద్దని మా అత్తగారు అంటున్నారు. ఏం చెప్పాలి?

చంద్రుడు తారను తీసుకుపోవడం, దాని మీద దేవతలకు యుద్ధం రావడం, ఆమెకు బుధుడు పుట్టడం నిజంగానే పురాణ కథ. తారాశశాంకం పేరుతో తెలుగువాళ్లు దాన్ని కావ్యంగానూ నాటకంగానూ ఎరుగుదురు కాబట్టి మీ అత్తగారి జంకు అర్థం లేనిదేమీ కాదు. అయితే ఆ బుధుడి నుంచే చంద్రవంశం సాగింది. పాండవులు ఆ వంశం వాళ్లే. ఇంట్లో పెద్దావిడతో వాదనకు దిగేకంటే వాలి భార్య కథ, బౌద్ధ తార కథ ఓపిగ్గా చెప్పి చూడండి.

బౌద్ధంలో తార ఎవరు? ఆమెకూ మన తారకూ సంబంధం ఉందా?

పేరు ఒకటే, భాష ఒకటే. బౌద్ధంలో తార కరుణకు రూపం. జనుల దుఃఖం చూసి, కరుణామూర్తిగా కొలిచే బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి కంటి నుంచి రాలిన కన్నీటిలో ఆమె పుట్టిందని ఒక కథ. సింహాలు, ఏనుగులు, నిప్పు, పాములు, దొంగలు, చెర, నీళ్లు, పిశాచాలు అనే ఎనిమిది భయాల నుంచి ఆమె గట్టెక్కిస్తుందని నమ్మకం. దూరదేశాలకు సరుకు తీసుకుపోయే వర్తకులకు ఉండే భయాలు కూడా దాదాపు ఇవే. దాటించే తల్లి వాళ్లకు ఎందుకంత దగ్గరయిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఆమె గురించిన ఇంకో కథను టిబెట్ పండితుడు తారనాథుడు 1604లో రాసిపెట్టాడు. (ఆయన పేరులోనూ తార ఉంది చూడండి.) ఎన్నో యుగాల కిందట జ్ఞానచంద్ర అనే రాజకుమారి ఉండేది. ఆమె సాధన చూసిన భిక్షువులు, ఇంత పుణ్యం సంపాదించావు, వచ్చే జన్మలో మగవాడిగా పుట్టాలని కోరుకో, అప్పుడు ముందుకు పోవచ్చు అని సలహా ఇచ్చారు. ఆడ, మగ అనే భేదం లోకుల భ్రమ అని ఆమె జవాబిచ్చింది. మగరూపంలో జ్ఞానం కోరేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆడరూపంలో లోకానికి మేలు చేసేవాళ్లు తక్కువ, సంసారం ఖాళీ అయ్యేదాకా నేను ఆడదానిగానే పుడతాను అని ప్రతిజ్ఞ చేసింది. ఆవిడే తార అయిందని కథ. ఆడపిల్ల పుట్టిందని ముఖం ముడుచుకునే చుట్టం ఎవరైనా ఉంటే ఈ కథ వినిపించండి.

తార పూజ భారతదేశం దాటి ఎంతదూరం పోయింది?

చాలా దూరం పోయింది. జావా ద్వీపంలో యోగ్యకర్త దగ్గర కలసన్ అనే గుడి ఉంది. అక్కడి సంస్కృత శాసనం శకం 700, అంటే క్రీస్తుశకం 778 నాటిది. ఆర్యతారకు నమస్కారంతో మొదలవుతుంది. మొదటి శ్లోకంలోనే "తారయతి" అన్న మాటతో ఆమె పేరును విప్పి చెబుతుంది: దుఃఖసముద్రంలో మునిగిన లోకాన్ని దాటించేది అని. జావాను ఏలిన శైలేంద్ర రాజుల కాలంలో తార కోసం గుడి కట్టిన సంగతి అందులో ఉంది.

శ్రీలంకలో దొరికిన 8వ శతాబ్దం నాటి తార విగ్రహం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 143 సెంటీమీటర్లు, కంచుపోత, పైన బంగారు పూత. కుడిచెయ్యి వరమిస్తున్నట్టు కిందికి చాచి ఉంటుంది. ఎడమచెయ్యి ఏదో పట్టుకున్నట్టు పైకి లేచి ఉంటుంది గానీ అందులో ఇప్పుడేమీ లేదు. నడుం దగ్గర చిన్న వంపు, కింద పలుచని చీర కుచ్చెళ్లు. బ్రిటిష్ గవర్నరుగా అక్కడ పనిచేసిన రాబర్ట్ బ్రౌన్‌రిగ్ దాన్ని 1830లో ఆ మ్యూజియానికి ఇచ్చాడు. ఒక ద్వీపపు తల్లి ఇంకో ద్వీపంలో అద్దాల మధ్య నిలబడి ఉండటం నాకు మాత్రం కష్టంగానే ఉంటుంది.

టిబెట్‌కు తార భక్తిని గట్టిగా నాటినవాడు 11వ శతాబ్దంలో భారతదేశం నుంచి వెళ్లిన బౌద్ధ పండితుడు అతీశుడు. మంగోలియాలో జనబజార్ అనే శిల్పి, మతగురువు (1635–1723) పోతపోసిన తార విగ్రహాలు ఆ దేశపు కళలోనే మేటిగా పేరుపొందాయి.

తెలుగునాట తార ఆనవాళ్లు ఉన్నాయా?

ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం కొండమీద స్తూపాలతో పాటు తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు బయటపడ్డాయి. సముద్రం అక్కడికి దగ్గరే. ఓడలెక్కి తూర్పుదేశాలకు పోయే దారిలో అలాంటి చోట తార వెలియడం ఆమె పేరుకు తగ్గట్టే ఉంది.

హైదరాబాదులో గోల్కొండ దగ్గరి తారామతి బారాదరికీ ఈ బౌద్ధ దేవతకూ సంబంధం లేదు. అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు నర్తకి తారామతి పేరుతో దాన్ని చెప్పుకుంటారు. అన్నట్టు, హరిశ్చంద్రుడి భార్య మనకు చంద్రమతి. మరాఠీ, హిందీ వాళ్లకు ఆమె తారామతి. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన సినిమాలోనూ ఆ పాత్ర పేరు తారామతే.

బెంగాల్లో "తారా మా" అంటారు. ఆమె బౌద్ధ తారేనా?

అక్కడ ఆమె దశమహావిద్యలనే పది దేవీరూపాల్లో రెండోది, కాళికి చాలా దగ్గరి రూపం. బీర్భూం జిల్లాలోని తారాపీఠ్ ఆమె క్షేత్రం. బామాఖేపా అనే సాధువు 19వ శతాబ్దంలో అక్కడి శ్మశానంలో ఉండి ఆమెను కొలిచాడు. బౌద్ధ తాంత్రికం, శాక్తం (శక్తిని కొలిచే మార్గం) ఒకదానికొకటి చాలా ఇచ్చిపుచ్చుకున్నాయి కాబట్టి ఈ ఇద్దరు తారల మధ్య గోడ కట్టడం కష్టం.

ఆసియాలో ఇతర భాషల్లో ఈ పేరు ఎలా మారింది?

కొందరు శబ్దాన్ని తీసుకున్నారు, కొందరు అర్థాన్ని తీసుకున్నారు.

టిబెటన్లు అర్థాన్ని తీసుకున్నారు. విముక్తి కలిగించేది అనే అర్థంలో డోల్మా అన్నారు. టిబెట్, లడఖ్, సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాల్లో వీధికో డోల్మా ఉంటుంది. చలికాలంలో మన ఊళ్లలో స్వెటర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్ ఆడవాళ్లను పేరడిగి చూడండి, త్వరలోనే ఒక డోల్మా తగులుతుంది. 2006 జనవరిలో దలైలామా గుంటూరు జిల్లా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు అక్కడికి తరలివచ్చిన యాత్రికుల్లో ఆ పేరువాళ్లు ఎందరున్నారో! ఇదే పేరు మంగోలియాలో దుల్మా అయింది. తార రూపాల్లో ఒకటైన తెల్లతారకు టిబెటన్ పేరు డోల్కర్, అది అక్కడ దోల్గోర్ అయింది. చైనావాళ్లు శబ్దాన్ని "దువోలువో" అని రాసుకున్నారు, అర్థాన్ని "దూమూ" అన్నారు. దూమూ అంటే దాటించే తల్లి.

థాయ్ భాషలో త కాస్తా ద అయి "దారా" అయింది. నక్షత్రానికీ, సినిమా నటికీ అదే మాట. మనం "సినీతార" అన్నట్టే. చియాంగ్‌మయ్ రాజకుమారి, సయాం (నేటి థాయ్‌లాండ్) రాజు చులాలాంగ్‌కార్న్ భార్య దారారస్మి (1873–1933) పేరును మన అక్షరాల్లోకి తెస్తే తారారశ్మి అవుతుంది, చుక్కల వెలుగు. కంబోడియాలో దారా ఆడా మగా ఇద్దరికీ పెడతారు. సింహళంలో నక్షత్రం "తరువ". తరుషి లాంటి పేర్లు ఆ మాటను గుర్తుచేస్తాయి.

ఇరాన్‌లో, కుర్దుల్లో కూడా తారా అనే ఆడపేరు ఉంది. ఇరాన్‌లో నక్షత్రం అనే అర్థం చెప్పుకుంటారు. కుర్దిష్‌లో తారా అంటే పెళ్లికూతురు తలమీద కప్పే ముసుగు.

ఐర్లండులో టారా అనే పేరుంది. అది మన దగ్గర్నుంచి పోయిందా?

పోలేదు. శబ్దం కలిసింది, అంతే. ఎంతమంది ఎన్నిసార్లు కలిపి చెప్పినా ఈ రెంటికీ చుట్టరికం లేదు.

ఐర్లండులో మీత్ కౌంటీలో టారా కొండ ఉంది. పాత ఐరిష్‌లో దాని పేరు తెమైర్. ఆ మాట షష్ఠీ విభక్తి రూపం నుంచి ఇంగ్లీషువాళ్ల నోట టారా అయింది. అసలు అర్థం మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. చుట్టూ దూరందాకా కనిపించే చోటు అని కొందరు, పూజకోసం వేరుచేసిన పవిత్రస్థలం అని కొందరు చెబుతారు. ఐరిష్ పాతకథలు మాత్రం ఒక ఆడమనిషి పేరు చెబుతాయి: ఎరెమోన్ అనే తొలి రాజు భార్య తేయా అక్కడ ఉంది కాబట్టి అది "తేయా ప్రాకారం" అని.

కొండంటే మన కొండల్లా ఊహించుకోకండి. పచ్చగడ్డి కప్పిన మెట్ట, దానిమీద గుండ్రని కట్టలు, గుంటలు. అందులో "బందీల దిబ్బ" అనే సమాధి సుమారు 5 వేల ఏళ్ల నాటిది. లోపలికి ఇరుకైన రాతిదారి ఉంటుంది. పైన ఒకచోట లియా ఫాల్ అనే రాయి నిలబెట్టి ఉంది. అసలైన రాజు తాకితే ఆ రాయి అరుస్తుందని నమ్మేవాళ్లు. ఐర్లండు మహారాజుల పట్టాభిషేకాలను ఆ కొండతో ముడిపెట్టి చెబుతారు. 1843లో డేనియల్ ఓకానెల్ ఆ చోటే ఎంచుకుని, బ్రిటన్‌తో పొత్తు రద్దు చేయాలని లక్షలమందితో సభ పెట్టాడు. తేదీ ఆగస్టు 15.

కొండ పేరు అమ్మాయి పేరెలా అయింది?

అమెరికా మీదుగా వచ్చింది. మార్గరెట్ మిచెల్ 1936లో రాసిన "గాన్ విత్ ద విండ్" నవలలో ఐర్లండు నుంచి వలసవచ్చిన జెరాల్డ్ ఒహారా జార్జియాలో తన పత్తి తోటకు టారా అని పేరు పెడతాడు. 1939లో సినిమా వచ్చాక ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. తరవాతి దశాబ్దాల్లో అమెరికా, బ్రిటన్‌లలో ఆడపిల్లలకు పెట్టడం పెరిగింది, చివరకు ఐర్లండులోనూ మామూలు పేరైంది. ఆ తోట బానిసల చాకిరీ మీద నడిచిన తోట అన్నది కూడా ఆ పేరు చరిత్రలో భాగమే, దాచిపెట్టకూడదు. ఇంకో సంగతి, ఆ సినిమాలో కథానాయికగా వేసిన వివియన్ లీ 1913లో పుట్టింది మన డార్జిలింగ్‌లో, డోల్మాల ఊళ్లో.

ఇంకా ఎక్కడైనా తార ఉందా?

మాంటెనెగ్రోలో తారా నది ఉంది. అది కోసుకుపోయిన లోయ 1,300 మీటర్ల లోతు, యూరప్‌లోనే అతి లోతైనదని పేరు. సెర్బియాలో తారా పర్వతం ఉంది. ఆ ప్రాంతాల్లో ఆడపిల్లలకు తారా అని పెడతారు, మనం గోదావరి, కృష్ణవేణి అని పెట్టుకున్నట్టు. న్యూజీలాండ్ మావోరీలకు తారా అనేవాడు మగవాడు, పూర్వీకుడు. వెల్లింగ్టన్ రేవుకు వాళ్ల భాషలో ఉన్న పేరుకు "తారా మహా రేవు" అని అర్థం. వీటిలో దేనికీ సంస్కృతంతో పనిలేదు.

మనదేశంలో మగవాళ్లకు కూడా తార ఉంటుందా?

సమాసంలో బాగానే ఉంటుంది. బెంగాలీ నవలాకారుడు తారాశంకర్ బందోపాధ్యాయ్, చరిత్రకారుడు తారాచంద్. పంజాబులో సమాసం కూడా అక్కర్లేకుండా అకాలీ నాయకుడు మాస్టర్ తారాసింగ్ ఉన్నాడు.

తెలుగులో తారక ఎక్కువ. నందమూరి తారక రామారావు పేరులో తారక అంటే నక్షత్రం అనుకుంటారు చాలామంది. అది తారకరాముడు, అంటే తరింపజేసే రాముడు. రామదాసు కీర్తనల్లో వినే తారకమంత్రం కూడా అదే. ఆ పేరుగల మనిషి తరవాత సినీతార కావడం కాకతాళీయమే గానీ, రెండర్థాలూ ఒక్కరికే కుదిరిన ఉదాహరణ ఇంకోటి నాకు తోచదు.

ఆడవాళ్లలో చరిత్రకెక్కిన తారలు ఇద్దరు మహారాష్ట్రలో ఉన్నారు. భర్త రాజారాం పోయాక 1700 నుంచి ఔరంగజేబు సేనలను ఎదిరించి మరాఠా రాజ్యాన్ని నిలబెట్టిన తారాబాయి ఒకరు. ఆడవాళ్లకో నీతి, మగవాళ్లకో నీతి ఏమిటని 1882లో మరాఠీలో పుస్తకమే రాసి నిలదీసిన తారాబాయి షిండే ఇంకొకరు.

తారక రాక్షసుడి పేరు కదా? తాటక కూడా ఉంది...

కుమారస్వామి చంపిన రాక్షసుడు తారకుడు, అతను మగవాడు. తాటక వేరే మాట, ఆ పేరుతో తారకు సంబంధం లేదు. అమ్మాయికి తారక అని పెడితే నక్షత్రం, కంటిపాప అనే అర్థాలే వస్తాయి. నిశ్చింతగా పెట్టుకోండి.

నక్షత్రాల పేర్లు ఆడపిల్లలకు పెట్టకూడదని ఎక్కడో రాసి ఉందట, నిజమేనా?

మనుస్మృతి మూడో అధ్యాయం తొమ్మిదో శ్లోకంలో ఉంది. నక్షత్రం, చెట్టు, నది పేరున్న పిల్లను పెళ్లాడవద్దని. మన తెలుగిళ్లు ఆ మాటను ఎప్పుడూ లెక్కచేయలేదు. రోహిణి, రేవతి, స్వాతి, అనూరాధ, అశ్విని, తులసి, గంగ, గోదావరి, యమున... ఈ పేర్లు తీసేస్తే మన పెళ్లిపుస్తకాల్లో సగం పెళ్లికూతుళ్లు మిగలరు.

జన్మనక్షత్రం ప్రకారం "తా" ఎవరికి వస్తుంది?

స్వాతి నాలుగో పాదానికి. స్వాతికి రు, రే, రో, తా అక్షరాలు. దాని తరవాతి విశాఖకు తీ, తూ, తే, తో. మీ పాప వేరే నక్షత్రంలో పుట్టినా ఇబ్బందేం లేదు. చాలా ఇళ్లలో బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి తండ్రి బంగారపుటుంగరంతో నక్షత్రనామం ఒకటి, పిలుపు పేరు ఒకటి రాస్తారు. తారను రెండో వరసలో రాసుకోవచ్చు.

పంచాంగంలో "తారాబలం" అన్నప్పటి తార మాత్రం పేరుకు సంబంధించింది కాదు. జన్మతార నుంచి లెక్కపెట్టి జన్మ, సంపత్, విపత్, క్షేమ అంటూ తొమ్మిది తారల వరస చూసే ముహూర్తపు లెక్క అది.

తార వద్దు, అదే అర్థమున్న వేరే పేరు కావాలి. ఏమున్నాయి?

అచ్చతెలుగులో చుక్క. చుక్కమ్మ అనే పేరు పల్లెల్లో పెద్దవాళ్లకు ఉండేది. ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు, అది నాకు బాధగానే ఉంది. "చుక్కలాంటి పిల్ల" అని మెచ్చుకోవడానికి పనికొచ్చే మాట పేరుగా ఎందుకు పనికిరాకుండా పోయిందో! కన్నడంలో చుక్కి అని ముద్దుగా ఇప్పటికీ పెడుతున్నారు.

క్రైస్తవ కుటుంబాల్లో ఎస్తేరు, ఎస్తేరమ్మ, స్టెల్లా ఉన్నాయి. ఎస్తేరు పారశీకంలో నక్షత్రం అనే మాట నుంచి వచ్చిందని ఒక వాదం, బాబిలోను దేవత ఇష్తార్ పేరు నుంచి వచ్చిందని ఇంకో వాదం. బైబిల్లోని ఎస్తేరు రాణికి హెబ్రీ పేరు హదస్సా. స్టెల్లా లాటిన్ నక్షత్రమే. విజయవాడలో మారిస్ స్టెల్లా కాలేజీ పేరు విన్నవాళ్లందరికీ దాని అర్థం తెలియకపోవచ్చు: సముద్రపు చుక్క. నావికులకు దారి చూపే తల్లిగా మరియమ్మకు ఉన్న బిరుదు అది. నక్షత్రం, దాటించే తల్లి అనే రెండూ ఇక్కడ కూడా ఒకచోటే కలిశాయి. సంస్కృతంతో సంబంధం లేకుండా ఇంకో మతం వాళ్లకు అదే తోచింది.

ముస్లిం కుటుంబాల్లో సితారా, నజ్మా, సురయ్యా. సురయ్యా అంటే అరబ్బీలో కృత్తికల గుంపు. అంటే పక్కింటి కృత్తిక, ఎదురింటి సురయ్యా ఒకే పేరున్న అమ్మాయిలు.

ఇంకా దూరం పోతే వెల్ష్‌లో సెరెన్, టర్కిష్‌లో యిల్దిజ్, హంగేరియన్‌లో చిల్లా, అర్మేనియన్‌లో అస్త్‌ఘిక్, జపనీస్‌లో హోషికో. స్లావు భాషల్లో దానిత్సా అంటే మన వేగుచుక్క.

మేం అమెరికాలో ఉంటాం. అక్కడివాళ్లు సరిగ్గా పలుకుతారా?

అక్షరాలు గుర్తుపడతారు, పలకడం మాత్రం వాళ్ల తీరులో ఉంటుంది. కొందరు "టారా" అంటారు, కొందరు సారా అనే పేరును "సెరా" అని పలికినట్టే "టెరా" అంటారు. దంతాల దగ్గర పలికే మన త వాళ్ల నోట రాదు. స్కూల్లో మొదటి రోజే టీచరుకు ఎలా పలకాలో చెప్పి పంపితే చాలావరకు కుదురుతుంది. పాప కూడా తన పేరును తనే సరిదిద్ది చెప్పడం నేర్చుకోవాలి.

ఇంగ్లీషు స్పెల్లింగ్ దగ్గర తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. త శబ్దానికి టి పక్కన హెచ్ చేర్చే అలవాటు మనది. హెచ్ పెడితే విదేశాల్లో "థారా" అని పలుకుతారు, పెట్టకపోతే మన బంధువులే "టారా" అని చదువుతారు. నన్నడిగితే హెచ్ లేకుండా రాయడమే మేలు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల ఈ పేరు అలాగే చలామణిలో ఉంది. ఏది ఎంచుకున్నా జననధ్రువపత్రం, ఆధార్, పాస్‌పోర్టు మూడింటిలో ఒకటే ఉండేలా మొదటి రోజే చూసుకోండి. తెలుగులో మాత్రం చివర దీర్ఘం పెట్టకుండా "తార" అనే రాయండి. తారాదేవి, తారామణి లాంటి సమాసాల్లోనే ఆ దీర్ఘం తిరిగి వస్తుంది.